సరిహద్దు జిల్లాల గ్రంథాలయాల్లో సైబర్ భద్రత ఎవరిది మెరుగు? దేన్ని చూసి తేల్చాలి?

రుషికుల్య_ఒడ్డు
మా తెలుగు సంఘాల వారు నాకొక పని అప్పగించారు. ఒడిశాలో బరంపురంలో రెండు, పర్లాకిమిడిలో ఒకటి, రాయగడలో ఒకటి, జయపురంలో ఒకటి, మొత్తం ఐదు గ్రంథాలయాలు తిరిగి, వాటి కంప్యూటర్లూ సభ్యుల వివరాలూ ఎంత భద్రంగా ఉన్నాయో చూసి, ఒకటి నుంచి ఐదు వరకు వరుసలో పెట్టి, ఒక పేజీ రాసిమ్మన్నారు. నేను బ్యాంకులో పనిచేసి రిటైరైన వాణ్ణి కాబట్టి ఈ విద్య కొంత వచ్చుననుకున్నారు కాబోలు. కంప్యూటర్లు ఎన్ని ఉన్నాయి, యాంటీవైరస్ ఉందా, సీసీ కెమెరా ఉందా, సిబ్బందికి వేలిముద్ర యంత్రం ఉందా అని గళ్లు గీసుకుని మార్కులు వేశాను. ఆరు కంప్యూటర్లున్న బరంపురం గ్రంథాలయం మొదట నిలిచింది. ఒకే ఒక పాత కంప్యూటరుతో, మిగతాదంతా రిజిస్టర్లతో నడిచే పర్లాకిమిడి గ్రంథాలయం ఆఖరున పడింది.

సభలో కాగితం చదవగానే పర్లాకిమిడి వారు టీ కూడా తాగకుండా లేచి వెళ్లిపోయారు. మొదటి స్థానం వచ్చిన వారు ఆ కాగితానికి ఫ్రేము కట్టించి గోడకు తగిలిస్తామంటున్నారు. నాకు మాత్రం ఆ రోజు నుంచి మనసు కుదుటపడలేదు. ఎందుకంటే ఆ మొదటి గ్రంథాలయంలో కౌంటరు మీది మానిటరు అంచున పసుపు కాగితం మీద పాస్‌వర్డ్ రాసి అతికించి ఉంది. ఆరు కంప్యూటర్లకూ అదే పాస్‌వర్డ్. నేను దాన్ని చూసి కూడా "పాస్‌వర్డ్ ఉంది" అనే గడిలో రెండు మార్కులు వేసి వచ్చాను. అసలు గ్రంథాలయాలను ఈ విషయంలో పోల్చాలంటే దేన్ని చూడాలో అనుభవమున్న వారు చెప్పగలరు.

మహేంద్రతనయ
ఆఖరు స్థానం మాదే. టీ తాగకుండా లేచి వెళ్లిన ముగ్గురిలో నేనొకణ్ణి. మా దగ్గర సభ్యుల వివరాలు ఏ కంప్యూటరులోనూ లేవు, అన్నీ బీరువాలోని రిజిస్టర్లలో ఉన్నాయి. రష్యాలో కూర్చున్న దొంగ మా బీరువాను ఏ తీగ మీదుగా వచ్చి తెరుస్తాడో రుషికుల్య గారు సెలవివ్వాలి. లేని కంప్యూటరుకు మార్కులు తగ్గించడం, గుర్రం లేని వాణ్ణి గుర్రం మీది నుంచి పడతావని భయపెట్టడం లాంటిది.

కొబ్బరితోట
వేలిముద్ర యంత్రానికి సైబర్ భద్రత కింద మార్కులు వేయడం నాకు నచ్చింది. ఆ లెక్కన మా వీధి కుక్కకు కూడా రెండు మార్కులు రావాలి.

పాత_గ్రంథపాలకుడు
రుషికుల్య గారు గీసిన గళ్లన్నీ కొనుక్కున్న వస్తువులను లెక్కపెట్టేవే. వస్తువులను బట్టి చూస్తే లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీకి ఎవరైనా మొదటి స్థానమే ఇచ్చి ఉండేవారు. 2023 అక్టోబరు 28న ఆ గ్రంథాలయం మీద రైసిడా అనే ముఠా దాడి చేసింది. దాదాపు 600 గిగాబైట్ల సమాచారాన్ని తరలించుకుపోయి, 20 బిట్‌కాయిన్లు, అంటే అప్పటి లెక్కలో సుమారు ఆరు లక్షల పౌండ్లు అడిగింది. గ్రంథాలయం ఇవ్వకపోవడంతో సిబ్బంది వివరాలూ పాఠకుల వివరాలూ ఉన్న ఆ సరుకును బయట పెట్టేసింది. ప్రధాన కేటలాగు, అది కూడా వెతుక్కోవడానికి మాత్రమే పనికొచ్చే రూపంలో, 2024 జనవరి 15న గాని తిరిగి రాలేదు.

ఆ సంస్థ 2024 మార్చిలో తన తప్పులను తానే విప్పి చెబుతూ ఒక నివేదిక ప్రకటించింది. బయటి సంస్థల వారు దూరం నుంచి పనిచేసుకోవడానికి 2020లో పెట్టిన ఒక సర్వరు దగ్గర చొరబాటు మొదట కనిపించింది. పాస్‌వర్డ్ తర్వాత ఫోనుకు వచ్చే రెండో తనిఖీ దానికి లేదు. అక్కడి ప్రభుత్వం గుర్తించే ఒక సైబర్ భద్రతా ధ్రువపత్రం వారికి 2019 నుంచి ఉండేది. 2022లో ప్రమాణాలు మారాక, పాత వ్యవస్థలను మార్చేదాకా ఆ అర్హత పోయింది. ఇంకొక సంగతి మనలాంటి వారికి మరీ ముఖ్యం. డిజిటల్ సేకరణల నకళ్లు వారి దగ్గర భద్రంగానే ఉన్నాయి, కాని వాటిని తిరిగి ఎక్కించడానికి పనికొచ్చే సర్వర్లే మిగలలేదు. పోయేటప్పుడు దొంగలు ఆ సర్వర్లను కూడా పాడుచేసి వెళ్లారు.

కాబట్టి నేను తనిఖీకి వెళితే అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "రేపు ఉదయం ఈ కంప్యూటరు వెలగకపోతే ఎల్లుండికి ఏం చేస్తారు?" దానికి వచ్చే జవాబును బట్టి మార్కులు వేస్తాను.

ప్రాణహిత_గట్టు
మహారాష్ట్రలోని సిరొంచ నుంచి రాస్తున్నాను. లండన్‌కూ మాకూ పోలిక నక్కకూ నాకలోకానికీ ఉన్నంత దూరం. మా వాచనాలయంలో వానాకాలం కరెంటు పోతే ఎప్పుడు వస్తుందో తెలియదు, నెట్ సంగతి చెప్పనక్కరలేదు. మా కంప్యూటరు మీద దాడి చేయాలంటే దొంగే ముందు ఇన్వర్టరు కొని తెచ్చుకోవాలి. పెద్ద సంస్థల కథలు చెప్పి చిన్న వాచనాలయాలను భయపెట్టడం వల్ల ఒరిగేదేమీ లేదని నా అభిప్రాయం.

పాత_గ్రంథపాలకుడు
ప్రాణహిత గారూ, దొంగ మిమ్మల్ని వెతుక్కుంటూ సిరొంచ రానక్కరలేదు. ఈ రోజుల్లో వల వేసేది మనిషి కాదు, ప్రోగ్రాము. పడిన చేప పెద్దదా చిన్నదా అన్నది తర్వాతి లెక్క. అమెరికాలో సెయింట్ లూయిస్ నగర గ్రంథాలయం మీద 2017 జనవరిలో జరిగిన దాడిలో అన్ని శాఖల్లోని 700 కంప్యూటర్లు మూగబోయాయి, అడిగింది 35,000 డాలర్లు. వారు పైసా ఇవ్వకుండా, తమ దగ్గరున్న నకళ్ల నుంచి వ్యవస్థను మళ్లీ నిలబెట్టుకున్నారు. నా దృష్టిలో ఆ గ్రంథాలయం ర్యాంకు అక్కడ తేలింది.

నాగావళి_నీరు
చిన్నవాళ్ల జోలికి ఎవరూ రారన్న మాటకు నా దగ్గర సొంత సాక్ష్యం ఉంది. రాయగడ వైపు ఒక గ్రంథాలయంలో కంప్యూటరు పనులన్నీ స్వచ్ఛందంగా నేనే చూస్తాను, కాబట్టి ఈ కథలో తప్పు కూడా చాలావరకు నాదే.

కిందటేడు వానాకాలంలో ఒక సాయంత్రం ఉద్యోగ దరఖాస్తు ప్రింటు తీసుకోవడానికి ఒక కుర్రవాడు పెన్‌డ్రైవ్ తెచ్చాడు. తెరిస్తే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా కనిపించాయి. కౌంటరులో ఉన్న ఆవిడ, పాపం, ఏది నొక్కితే దరఖాస్తు దొరుకుతుందో తెలియక వరుసగా అన్నీ నొక్కారు. మర్నాడు ఉదయం కంప్యూటరు వెలిగింది గాని, ప్రతి ఫైలు పేరు చివర ఏదో తోక మొలిచింది, ఏదీ తెరుచుకోలేదు. తెర మీద ఒక ఇంగ్లీషు ఉత్తరం, డబ్బు కడితే తాళం తీస్తామని.

నేను ధైర్యంగా నవ్వాను, ఎందుకంటే బ్యాకప్ ఉంది. డి డ్రైవు తెరిచాను. దానికీ తోక ఉంది. సి డ్రైవు సరుకును అదే కంప్యూటరులోని డి డ్రైవులో దాచడమంటే తాళంచెవిని ఆ తాళానికే వేలాడదీసినట్లని అప్పటికి గాని నా బుర్రకు ఎక్కలేదు. వెనక ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కు కూడా ఉంది, కాని రోజూ పెట్టి తీయడం ఎందుకని ఆరు నెలలుగా దాన్ని అలాగే తగిలించి ఉంచాను. అదీ పోయింది.

మమ్మల్ని కాపాడింది యాక్సెషన్ రిజిస్టరు, అంటే గ్రంథాలయానికి వచ్చిన ప్రతి పుస్తకాన్నీ రాసి ఉంచే పుస్తకం. ఆరు వేల పైచిలుకు పుస్తకాల పేర్లను దసరా సెలవుల్లో నలుగురు కాలేజీ అమ్మాయిలు మళ్లీ టైపు చేశారు. ఏ పుస్తకం ఎవరింట్లో ఉందన్న లెక్క మాత్రం కంప్యూటరులోనే ఉండటం వల్ల తుడిచిపెట్టుకుపోయింది. నోటీసు అంటించాక కొందరు తెచ్చి ఇచ్చారు. షెల్ఫులతో సరిచూస్తే నూట నలభై దాకా రానేలేదు, వాటిలో వ్యక్తిత్వ వికాసం పుస్తకాలే ఎక్కువ.

కొబ్బరితోట
చివరి వాక్యం కోసమైనా ఆ దాడి జరగాల్సిందే.

మిర్చి_యార్డు
ధర్మాబాద్ నుంచి ఒక మాట. మా మహారాష్ట్రలో 1967 గ్రంథాలయ చట్టం కింద అనుదానం, అంటే సర్కారు గ్రాంటు, తీసుకునే గ్రంథాలయాలను అ, బ, క, డ అని వర్గాలుగా విడదీస్తారు. పుస్తకాలెన్ని, పత్రికలెన్ని వంటి లెక్కల మీద ఆ వర్గం తేలుతుంది. మా పక్క ఊరి "అ" వర్గం గ్రంథాలయంలో ఇప్పటికీ విండోస్ 7 నడుస్తోంది, దానికి మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14తోనే ఆగిపోయింది. "క" వర్గంలో ఉన్న మా దాంట్లో ఒక కుర్రవాడు విండోస్‌కు బదులు లైనక్స్ అనే ఉచిత వ్యవస్థను ఎక్కించి, నెలకొకసారి అప్‌డేట్లు చూస్తున్నాడు. కాబట్టి పోల్చేటప్పుడు సర్కారు ఇచ్చిన వర్గాన్ని పక్కన పెట్టండి. సరిహద్దుకు అవతల తెలంగాణలో ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు వసూలవుతుంది గనుక అక్కడ డబ్బుంది, భద్రత బాగుంటుంది అనుకుని మా వాళ్లు ఈర్ష్యపడుతుంటారు. డబ్బుతో కంప్యూటరు వస్తుంది గాని, అప్‌డేట్ నొక్కే వేలు రాదు.

రుషికుల్య_ఒడ్డు
విండోస్ సంగతి నేను అడగనే లేదని ఒప్పుకుంటున్నాను. ఐదింటిలో కనీసం మూడు చోట్ల విండోస్ 10 చూసిన గుర్తు. దానికి కూడా 2025 అక్టోబరు 14తో మామూలు మద్దతు ముగిసింది కదా.

మహేంద్రతనయ
నాగావళి గారి కథ మా పక్షాన చెప్పిన సాక్ష్యమని సభకు మనవి చేస్తున్నాను. చివరికి ఆదుకున్నది రిజిస్టరే గదా. నేను కూడా కొంత చదివాను. బ్రిటిష్ లైబ్రరీ మీద దాడి జరిగిన 2023 అక్టోబరు 28నే కెనడాలో టొరంటో నగర గ్రంథాలయం కూడా దెబ్బతిన్నది. దానికి వంద శాఖలు. తలుపులు తెరిచే ఉంచారు, పుస్తకాలు కాగితం మీద రాసుకుని ఇచ్చారు, కాని తిరిగి వచ్చిన పుస్తకాలను కంప్యూటరులో జమ చేసుకునే దారి లేక సుమారు పది లక్షల పుస్తకాలను లారీ ట్రైలర్లలో నింపి నెలల తరబడి నిలబెట్టారు. మా పర్లాకిమిడిలో అయితే వచ్చిన పుస్తకం ఎదుట ఒక గీత గీసి షెల్ఫులో పెట్టేస్తాము. ఇందులో ఎవరు ముందున్నారో మీరే చెప్పండి.

నాగావళి_నీరు
అంత సంబరం వద్దు. టొరంటో వారు డబ్బు ఇవ్వలేదు, పాఠకుల వివరాలున్న డేటాబేసు దొంగల చేతికి చిక్కలేదు, పోయింది ముఖ్యంగా సిబ్బంది సమాచారం. వారు దాన్ని దాచకుండా, 1998 నుంచి పనిచేసిన వారందరికీ వర్తిస్తుందని ప్రకటించారు. మీ బీరువాకు తాళం ఉందా, ఆ తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది, మీ రిజిస్టరులో ఎవరి ఫోను నంబరును ఎవరు చూసి రాసుకుపోయినా మీకు తెలుస్తుందా? కౌంటరు మీద తెరిచి ఉన్న ఇష్యూ రిజిస్టరును నేనే ఎన్నోసార్లు తలకిందులుగా చదివాను.

కొబ్బరితోట
ఇప్పుడు నవ్వు పక్కన పెట్టి ఒకటి చెబుతాను. బరంపురంలో మా వీధి చివర బండి దగ్గర సాయంత్రం మిక్స్చరు కొన్నాను. పొట్లం విప్పి తిన్నాక చూస్తే అది ఒక గ్రంథాలయ సభ్యత్వ దరఖాస్తు. పై మూలన ఒక అమ్మాయి పాస్‌పోర్టు సైజు ఫోటో అతికించి ఉంది, కింద తండ్రి పేరు, ఇంటి నంబరు, ఫోను నంబరు, వెనకవైపు ఆధార్ జిరాక్సు, దాని మీద నూనె మరక. బండి అతన్ని అడిగితే పాత కాగితాల కొట్టులో కిలోల లెక్కన కొంటానన్నాడు. అతని దగ్గరున్న కట్టంతా నేనే డబ్బిచ్చి కొని ఇంటికి తెచ్చి కాల్చేశాను, నలభై ఏడు దరఖాస్తులు. ఏ గ్రంథాలయమో చెప్పను. ఏ హ్యాకరూ, ఏ తీగా అక్కరలేకుండానే సమాచారం బజారున పడింది.

రుషికుల్య_ఒడ్డు
కొబ్బరితోట గారూ, బరంపురం ఎంత పెద్ద ఊరో నాకు తెలుసు కాబట్టి అది నేను మొదటి స్థానం ఇచ్చినదేమోనని గుండె గుబేలుమంది. చెప్పవద్దు, నేనే వెళ్లి పాత దరఖాస్తులు ఏం చేస్తున్నారని అడుగుతాను.

దండకం
ఇక్కడ చట్టం సంగతి కూడా రావాలి. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చింది, దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, ముఖ్యమైన బాధ్యతలు పాటించడానికి పద్దెనిమిది నెలల గడువు ఇచ్చారు. అందులో 18 ఏళ్లలోపు వారంతా పిల్లలే, వారి వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి తీసుకున్నట్లు రుజువు ఉండాలి. మన గ్రంథాలయాల్లో సగం సభ్యులు బడి పిల్లలు. అది డిజిటల్ సమాచారానికి సంబంధించిన చట్టమే గాని, నేడు కాగితం మీద తీసుకుని రేపు కంప్యూటరులోకి ఎక్కించినా దాని కిందికి వస్తుంది. ఆధార్ జిరాక్సు అసలెందుకు? చిరునామాకు కరెంటు బిల్లు చాలు. తప్పదంటే చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే ఆధార్ తీసుకోండి. తగ్గిన ప్రతి కాగితానికీ ఒక మార్కు కలపండి.

పాత_గ్రంథపాలకుడు
దండకం గారి మాటకు కొనసాగింపుగా ఒకటి. పాఠకుడు పుస్తకం తిరిగి ఇచ్చాక, అతడు ఏం చదివాడన్న లెక్క ఉంచుకోవడం ఎందుకు? అమెరికాలో 2001 తర్వాత ప్రభుత్వం గ్రంథాలయ రికార్డులు అడిగే అధికారం తెచ్చుకున్నప్పుడు, అడగడానికి ఏమీ మిగలకూడదని చాలాచోట్ల గ్రంథపాలకులు ఆ రికార్డులను ఎప్పటికప్పుడు చెరిపేయడం మొదలుపెట్టారు. కోహా అనే ఉచిత గ్రంథాలయ సాఫ్ట్‌వేరులో దానికొక ఏర్పాటే ఉంది. పుస్తకం జమ కాగానే పాఠకుడి పేరుకూ ఆ పుస్తకానికీ ఉన్న ముడి విప్పేస్తుంది, ఎన్నిసార్లు వెళ్లిందన్న అంకె మాత్రం మిగులుతుంది. లేని సొమ్మును ఎవరూ దోచలేరు.

మిర్చి_యార్డు
దీనికి నేను ఒప్పుకోను. ఏటా మా గ్రంథాలయం ఉత్తమ పాఠకుడికి బహుమతి ఇస్తుంది. ఎవరు ఎన్ని చదివారో లెక్క లేకపోతే ఆ బహుమతి ఎవరికివ్వాలి? పిల్లలు దాని కోసమే వరుసకట్టి చదువుతారు. పైగా మా ఊళ్లో ఎవరు ఏం చదివారో తెలుసుకుని ఎవరేం చేసుకుంటారు?

దండకం
మిర్చి యార్డు గారూ, ఒక అమ్మాయి ఆడవారి జబ్బుల గురించి, లేదా ఒక గృహిణి విడాకుల చట్టం గురించి పుస్తకం తీసుకెళ్లిందనుకోండి. ఊరు చిన్నదైనకొద్దీ ఆ రిజిస్టరు విలువ పెరుగుతుంది. బహుమతికి పుస్తకాల సంఖ్య చాలు, పేర్లు అక్కరలేదు.

మిర్చి_యార్డు
సంఖ్య ఒక్కటే చూస్తే పలచటి బొమ్మల పుస్తకాలు ఇరవై తీసుకెళ్లిన వాడికే బహుమతి వస్తుంది. మా కార్యదర్శి గారు పేర్లు చూసి, చదివాడో లేదో నాలుగు ప్రశ్నలు అడిగి మరీ ఇస్తారు. ఈ విషయంలో మనకు రాజీ కుదరదు.

జయపురం_కొండగాలి
మా బాధ వేరు. మా గ్రంథాలయానికి సాఫ్ట్‌వేరు అమ్మినవారు ఒక పెద్ద ఊరి వారు. ఏడాదికి ఇంత అని రుసుము కడతాము. మూడేళ్లుగా పైస్థాయి పాస్‌వర్డ్ వాళ్ల దగ్గరే ఉంది, మాకు ఇవ్వరు. దూరం నుంచి మా కంప్యూటరులోకి రావడానికి ఒక ప్రోగ్రాము పెట్టి వెళ్లారు, అది రాత్రింబవళ్లు తెరిచే ఉంటుంది. ఈసారి అనుదానం ఆలస్యమై రుసుము కట్టలేకపోయాము, అప్పటి నుంచి ఫోను ఎత్తడం లేదు. మా సభ్యుల పట్టికను బయటికి తీసుకుందామంటే ఆ మీట మాకు కనిపించదు. ఇల్లు మాది, తాళంచెవి మేస్త్రీ దగ్గర ఉన్నట్లుంది పరిస్థితి.

నాగావళి_నీరు
కొండగాలి గారూ, ఆ దూరపు ప్రోగ్రామును ఈ రోజే ఆపండి, అవసరమైనప్పుడు మాత్రమే తెరవండి. పైన పాత గ్రంథపాలకుడు మాస్టారు చెప్పిన బ్రిటిష్ లైబ్రరీలో కూడా బయటివారి కోసం తెరిచిన ద్వారం దగ్గరే కథ మొదలైంది. మారాలనుకుంటే కోహా చూడండి. న్యూజిలాండ్‌లో ఒక చిన్న గ్రంథాలయ సంస్థ, పాత వ్యవస్థ 2000 సంవత్సరం దాటదన్న భయంతో, 1999లో రాయించుకున్నది అది. ఆ మాటకు మావోరీ భాషలో కానుక అని అర్థం. కాని ఉచితం కదా అని దింపుకుని వదిలేస్తే దాన్ని చూసుకునే మనిషి కావాలి. ఆ మనిషి లేని చోట కేంద్ర ప్రభుత్వ కంప్యూటరు సంస్థ ఎన్‌ఐసీ వారి ఇ-గ్రంథాలయ సాఫ్ట్‌వేరు మేలు, సర్వరును వాళ్లే చూసుకుంటారు, మీ కంప్యూటరు కాలిపోయినా డేటా అక్కడ ఉంటుంది.

ప్రాణహిత_గట్టు
నెట్ లేని రోజున ఆ మేలు మాకెలా అందుతుంది?

నాగావళి_నీరు
అందదు. అందుకే మీ ఊరికీ బరంపురానికీ ఒకే కొలబద్ద పెట్టకూడదని మొదట మీరన్న మాటతో ఆ మేరకు ఏకీభవిస్తున్నాను. మీ పట్టికను వారానికొకసారి రెండు పెన్‌డ్రైవుల్లో మార్చి మార్చి దించి, ఒకటి వేరే ఇంట్లో పెట్టండి. నకలు తీశాక దాన్ని కంప్యూటరుకు తగిలించి ఉంచవద్దు, నా గతి చూశారు కదా.

దండకం
నాగావళి గారు అప్పుడు ఫిర్యాదు చేశారా? సైబర్ దాడుల సంగతి చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం ప్రభుత్వ సంస్థలూ కంపెనీలూ ఇలాంటి సంఘటనను గమనించిన ఆరు గంటల్లో తెలియజేయాలి. మన సంఘాలకు అది వర్తిస్తుందా అని వాదించుకోవచ్చు గాని, జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఎవరైనా ఫిర్యాదు నమోదు చేయవచ్చు. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోను చేయాలి.

నాగావళి_నీరు
చేయలేదు. పరువు పోతుందని కమిటీ వద్దంది, నేను గట్టిగా అడగలేదు. సభ్యులకు కూడా "కంప్యూటరు పాడైంది" అని మాత్రమే చెప్పాము. మొత్తం కథలో నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉండేది ఆ ఒక్క వాక్యమే.

రుషికుల్య_ఒడ్డు
ఆదివారం మళ్లీ వెళ్లాను. ఈసారి గళ్ల కాగితం తీసుకెళ్లలేదు. మొదటి స్థానం వచ్చిన గ్రంథాలయంలో మాస్టారి ప్రశ్నే అడిగాను. "బ్యాకప్ ఉంది" అని ఉత్సాహంగా బీరువా తెరిచి, గుడ్డలో చుట్టిన హార్డ్‌డిస్కు తీశారు. దాని కేబులు దొరకలేదు. అరగంట వెతికి, పక్క ఫోటో స్టూడియో నుంచి తెప్పించారు. తగిలించాక కనిపించిన ఫైలు తేదీ రెండేళ్ల కిందటిది. దాన్ని వేరొక కంప్యూటరులో తెరిచి చూపించమన్నాను. తెరుచుకుంది. ఇంగ్లీషు పుస్తకాల పేర్లు చక్కగా ఉన్నాయి. తెలుగు పుస్తకాలన్నీ ఇంగ్లీషు అక్షరాలూ కామాలూ కలగలిసిన పిచ్చిరాతలుగా వచ్చాయి, ఎందుకంటే అవి ఏ కంప్యూటరులోనైనా చదవగలిగే యూనికోడ్‌లో గాక, ‘అను’ అనే పాత రకం ఫాంట్లలో ఎక్కించినవి, ఆ ఫాంటు ఈ కంప్యూటరులో లేదు. ఒడియా పుస్తకాలదీ అదే గతి, అవి ఆకృతి ఫాంటువట. గ్రంథపాలకుడు తెర వంక చాలాసేపు చూసి, "మన పుస్తకాలు మాత్రమే పోయాయన్నమాట" అన్నాడు. మానిటరు మీది పసుపు కాగితాన్ని మాత్రం నా ఎదుటే పీకేశాడు. పాత దరఖాస్తుల గురించి అడిగితే, అటెండరు అమ్మేస్తుంటాడని తల వంచుకుని చెప్పాడు. కొబ్బరితోట గారికి ఇక ఏమీ చెప్పనక్కరలేదనుకుంటాను.

అక్కడి నుంచి పర్లాకిమిడి వెళ్లాను, టీ తాగి వచ్చాను. రిజిస్టర్లు ఐదు సంపుటాలు. రెండో సంపుటం మొదటి పేజీలు చెదలు తిన్నాయి, కాని కిందటేడే ప్రతి పేజీనీ ఫోనుతో ఫోటోలు తీసి విశాఖలో ఉన్న కార్యదర్శి గారి అమ్మాయికి పంపించి ఉంచారు. బ్యాంకులో ముప్పయ్యేళ్లు పనిచేసిన నాకు ఇంత చక్కని ఏర్పాటు తట్టలేదు. అయితే ఆ ఒక్క పాత కంప్యూటరును పాఠకులందరూ వాడుకుంటారు, దానిలో బ్రౌజరు తెరవగానే కార్యదర్శి గారి వాట్సాప్ తెరుచుకుంది. ఆ ఫోటోలన్నీ అందులోనే ఉన్నాయి, సభ్యుల ఫోను నంబర్లతో సహా.

మహేంద్రతనయ
నేను దీనికి సమాధానం రాయడానికి ముందు కార్యదర్శి గారింటికి వెళ్లి వాట్సాప్ లాగౌట్ చేయించి వచ్చాను. ఆఖరు స్థానం మీద నా అభ్యంతరం అలాగే ఉంది, కాని కొంచెం మెత్తబడింది.

పాత_గ్రంథపాలకుడు
రుషికుల్య గారు మొదటిసారి వేసిన మార్కుల కన్నా ఈ రెండు పేరాలే ఆ సంఘాల వారికి ఇవ్వవలసిన నివేదిక. ఒకటి రెండు మూడు అని అంకెలు వేయకండి. ఏ గ్రంథాలయంలో ఏ రోజు నకలు తెరిచి చూశారో, ఎంతసేపు పట్టిందో, ఏం చదవగలిగారో రాయండి. ఆరు నెలల తర్వాత మళ్లీ వెళ్లి అదే పని చేయండి.

రుషికుల్య_ఒడ్డు
పాత కాగితాన్ని వెనక్కు తీసుకున్నానని సంఘానికి రాసేశాను. ఫ్రేము అప్పటికే కట్టించారట, ఖర్చు నేను ఇస్తానన్నాను. వచ్చే ఆదివారం జయపురం వస్తున్నాను. కొండగాలి గారూ, మీ దగ్గర పాతదైనా సరే, బ్యాకప్ డిస్కు, దాని కేబులు ఉన్నాయా?

జయపురం_కొండగాలి
కేబులు ఉంది. డిస్కు కోశాధికారి గారి ఇంట్లో ఉందని తేలింది. వేరే చోట ఉంచడం మంచిదే కదా అని సంతోషించాను. అయితే ఆయన దానిలో తమ అమ్మాయి పెళ్లి వీడియో ఎక్కించుకున్నారట, చోటు చాలక ఏదో చెరిపినట్లు గుర్తు అంటున్నారు. మీరు ఆదివారం గాక శనివారమే రాగలరా?